కూర్చునే పని

శివాజీ పికప్ కొన్నాడు. మామూలుది కాదు, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేది. నూజెండ్ల అవతల కొండ మీద అతని రాళ్ళ క్వారీ ఉంది, ఆ దారికి అలాంటి బండి అవసరమే, కాదనను. కానీ కంపెనీవాళ్ళు ఇచ్చిన ఎత్తు అతని కంటికి ఆనలేదు. నరసరావుపేటలో షాకిర్ షెడ్డుకు తోలుకుపోయి, కింద బరువు మోసే కమాన్ పట్టీలూ, కుదుపు ఆపే షాకులూ అన్నీ మార్చి బండిని పైకి లేపమన్నాడు.

"మామూలుగా వెనక ఎంత బరువేస్తావన్నా? పట్టీలు దాన్నిబట్టి ఎయ్యాల" అన్నాడు షాకిర్.

"బరువుతో నీకేంది పని. ఉన్నవాటిల్లో లావు పట్టీలు ఎయ్యి. వినుకొండ సెంటర్లో ఆపితే జనం తలెత్తి చూడాల."

షాకిర్ వేశాడు. బండి దున్నపోతులా ఎత్తుగా నిలబడింది. అసలు సంగతి తోలినప్పుడు తెలిసింది. టన్ను రాయి మోయడానికి చేసిన పట్టీలు ఖాళీ తొట్టి కింద వంగమంటే వంగుతాయా? గుంత వస్తే చాలు, బండి ఎగిరిపడేది. శివాజీకి అప్పటికే నడుము నొప్పి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కొన్నాళ్ళకే మనిషి వంగి నడవడం మొదలుపెట్టాడు.

మళ్ళీ షాకిర్‌కు ఫోన్ చేశాడు. వెనక మూడొందల కిలోలు వేసుకుంటే మెత్తగా పోతుందనీ, లేదంటే ఆ పట్టీలు తీసేద్దామనీ షాకిర్ చెప్పాడు. తీసేస్తే నలుగురూ నవ్వుతారు. బుద్ధున్నవాడైతే నాలుగు ఇసుక మూటలు పడేసుకుంటాడు. శివాజీ మనుషుల్ని ఎక్కించాడు. మూటలైతే ఒకడు ఎత్తాలి, ఒకడు దించాలి. పైగా మా పల్నాట్లో బండి వెనక మనుషులుంటే ఆ లెక్కే వేరు.

క్వారీలో ఇక పని చెయ్యలేని ఐదుగురిని ఏరాడు. పొద్దున్నే అతనితో వినుకొండ పోవాలి, అతని పనులయ్యేదాకా తొట్టిలోనే ఉండాలి, సాయంత్రం తిరిగి రావాలి. అందుకు కూలి. కూర్చున్నందుకు కూలి ఇచ్చే మారాజని ఊళ్ళో కొందరు మెచ్చుకున్నారు కూడా. శివాజీ మీదకన్నా నాకు వాళ్ళ మీదే ఎక్కువ మండుతుంది. ఎండలో ఆ ఇనప తొట్టి ఎంత కాలుతుందో వాళ్ళలో ఒక్కడూ ఎక్కి చూడలేదు.

ఆ ఐదుగురిలో ఆదెయ్య, అతని భార్య మాణిక్యమ్మ ఉన్నారు. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన జీవితమంతా రాయి కొట్టాడు, ఆ పొడంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. శివాజీ కూలివాడిగా ఉన్న రోజుల్లో సుత్తి పట్టడం నేర్పింది ఆదెయ్యే. అందుకే శివాజీ ఆయన్ను బాబాయ్ అంటాడు, ఆమెను పిన్ని అంటాడు. డబ్బొచ్చాక కూడా పిలుపు మార్చలేదు. ఆమె కూలి ఇద్దరి తిండికి సరిపోయేది. ఆయన కూలితో ఊపిరి ఆడే మందు వచ్చేది. ఆ పని పోతే మందు లేదు, మందు లేకపోతే ఆదెయ్య లేడు. ఇది ఇద్దరికీ తెలుసు, శివాజీకీ తెలుసు.

ఎండాకాలం వచ్చేసరికి బండి మళ్ళీ ఎగురుతోందని శివాజీకి అనుమానం పట్టుకుంది. తన నడుమును తప్ప అన్నిటినీ అనుమానించాడు. చివరికి ఇనప సామాను తూచే కాటా తెచ్చి క్వారీ ఆఫీసు ముందు పెట్టించాడు.

"రోజూ ఎక్కే ముందు కాటా ఎక్కండి. అరవై కిలోలు లేనోళ్ళు ఇంటికి పోవచ్చు" అన్నాడు.

మొదటి రోజు ఆదెయ్య బొటాబొటిగా గట్టెక్కాడు. ఆ తర్వాత మాణిక్యమ్మ పొద్దున్నే ఆయనకు అన్నం కుక్కి కుక్కి పెట్టేది, కాటా దగ్గరికి వచ్చాక చెంబుడు నీళ్ళు తాగించేది. అయినా కాటాలో అంకె రోజురోజుకూ అరవై కిందికి జారబోయేది. దగ్గు తినే ఒంటిని అన్నం ఎంతకని నిలబెడుతుంది? అప్పుడామె పాత చీర చించి, నడుముకు కట్టుకునే సంచి కుట్టింది. అందులో రాళ్ళు పోసి, పైన వదులు చొక్కా తొడిగింది. రాళ్ళకు అక్కడ కరువా?

ఆదెయ్య తగ్గేకొద్దీ సంచిలో రాళ్ళు పెరిగాయి. "ఏంది బాబాయ్, కూర్చుని ఒళ్ళు చేశావు" అని శివాజీ వేళాకోళం ఆడేవాడు. ఆదెయ్య నవ్వేవాడు, ఆ నవ్వుకు ఆయాసం వచ్చేది.

బండెక్కాక సంచి విప్పి పక్కన పెట్టుకోమని మాణిక్యమ్మ పోరేది. ఆయన వినేవాడు కాదు.

"అరవై కిలోలకు గదా కూలి తీసుకుంటంది. కాటా మీద ఒకటి, బండిలో ఒకటి అయితే అది దొంగతనం గాదటే?"

"తొట్టిలోనే గదయ్యా ఉండేది, బరువు యాడికి పోద్ది?"

"ఒంటి మీదుంటే నాదవుద్ది. పక్కనుంటే రాయే" అనేవాడు.

ఇలాంటి మనిషిని చూస్తే జాలి వెయ్యాలో చెంప మీద కొట్టాలో తెలియదు. దోచుకునేవాడికి లేని పట్టింపు ఈయనకెందుకు? ఆ బరువు నడుముకు కట్టుకునే ఎండలో వినుకొండ పోయి వచ్చేవాడు.

ఒకరోజు నూజెండ్ల దాటాక మేకల మంద అడ్డం వచ్చింది. డ్రైవర్ కోటేశ్వర్ గట్టిగా బ్రేకు వేశాడు. ఆదెయ్య ముందుకు బోర్లా పడ్డాడు. రాళ్ళు డొక్కల్లో గుచ్చుకుని ఊపిరి అందక గిలగిల్లాడాడు. కోటేశ్వర్ తొట్టిలోకి ఎక్కి చంకల కింద చేతులేసి లేపబోయాడు.

"ఈ ఎముకల గూడుకు ఇంత బరువేంది" అని చొక్కా ఎత్తి, ముడి విప్పాడు. రాళ్ళు తొట్టిలో పడ్డాయి.

శివాజీ నడుము పట్టుకుని దిగి వచ్చాడు. తిడతాడేమోనని అందరూ తలలు దించుకున్నారు. అతను తిట్టలేదు, రాళ్ళను చూసి నవ్వాడు.

"నాయనా, బండిలో బరువు తగ్గనియ్యలా. నీకు లోటు చెయ్యలేదయ్యా" అంది మాణిక్యమ్మ.

"చెయ్యలేదు పిన్నీ. బాగానే మోశాడు" అన్నాడు శివాజీ. ఒక రాయి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ తొట్టిలో పెట్టాడు. "వీటికి దగ్గు రాదు, కూలి అడగవు. మిగతా బరువుకు రాళ్ళు రేపు క్వారీలో ఏయిస్తా. పైకి కనపడడానికి నలుగురు చాలు. రాళ్ళుండనీ. నువ్వు దిగు బాబాయ్."

ఆదెయ్య దిగాడు. దిగడానికి కోటేశ్వర్ చెయ్యి అందించాడు, అంతవరకు మర్యాద చేశారు. మాణిక్యమ్మ కూడా లేచి తొట్టి అంచు పట్టుకుంది. ఆదెయ్య కింది నుంచే కూర్చోమని చేత్తో సైగ చేశాడు. ఆమె దిగితే ఆమె కూలీ పోతుంది. ఆమె ఆయన్నీ చూసింది, శివాజీనీ చూసింది. నెమ్మదిగా కూర్చుంది.

మేకలు పోయాయి, బండి కదిలింది. ఆదెయ్య రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద చతికిలబడి ఊపిరి ఎగపీలుస్తున్నాడు. ఎండలో ఇంటికి నడిచి పోగలడని తొట్టిలో ఎవరూ అనుకోలేదు. ఆయన ఖాళీ చేసిన చోట రాళ్ళు దొర్లి చప్పుడు చేస్తున్నాయి. చప్పుడేందని శివాజీ లోపల్నించి అద్దం మీద కొట్టాడు. మాణిక్యమ్మ రాళ్ళన్నీ ఏరి, సంచిలో పోసి, ఒళ్ళో పెట్టుకుని, వినుకొండ దాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.