మహారాణి చివరి మాత్ర

నా రూమ్మేటుకి నేను లోలోపల పెట్టుకున్న పేరు మహారాణి. నెలకోసారి ఆమెకి కడుపునొప్పి వచ్చిందంటే హాస్టలంతా కదిలేది. ఒకరు వేడినీళ్ళ సంచి నింపేవారు, ఇంకొకరు నోట్సు రాసిపెట్టేవారు. నాకు నెలసరి వచ్చిందీ పోయిందీ ఎవరికీ పట్టేది కాదు. నొప్పంటే తెలియని గట్టి ఒళ్ళని మా అమ్మ మురిసిపోయేది. ఆ గట్టి ఒళ్ళే నా కొంప ముంచింది.

పోయినసారి వృక్షశాస్త్రం ప్రాక్టికల్ రోజున మహారాణి లేవలేకపోయింది. మరునాడు ఒక్కతే చేసింది. మేమంతా మసక మైక్రోస్కోపులతో కుస్తీ పడితే ఆమెకి మేడం గదిలోని మంచిది దక్కింది. ఉల్లివేరు కణాలు పుస్తకంలో బొమ్మల్లా కనిపించి ఉంటాయి. ఒక్క మార్కుతో నన్ను దాటేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి మొదటొచ్చినవాళ్ళకే మేడం దగ్గర పరిశోధనలో చోటు.

అందుకే పరీక్ష రోజు పొద్దున్నే మోకాళ్ళు ముడుచుకుని మూలగడం మొదలుపెట్టాను. రెండేళ్ళుగా చూస్తున్నాను కదా, మూలుగు చక్కగా కుదిరింది.

మహారాణి ఇట్టే నమ్మేసింది. తన వేడినీళ్ళ సంచి నా పొట్టమీద పెట్టి, అట్టలో మిగిలిన ఒక్క మాత్రా నా చేతికిచ్చింది. మేడంకి తనే చెబుతానని పరుగెత్తింది. నేను మాత్రని దిండు కిందకి తోసేసి హాయిగా పడుకున్నాను.

గంటకల్లా పక్కగది అమ్మాయి వచ్చి చెప్పింది. మహారాణికి ల్యాబులోనే నొప్పి మొదలైందట. చెమటలు కారుతున్నా బల్ల పట్టుకుని నిలబడిందట. రేపటికి ఒక్కరికే వీలవుతుందని మేడం అంటే, ఆ ఒక్క చోటూ పొద్దున్నే నా పేరున రాయించిందట. మార్చుకోమంటే ఒప్పుకోలేదట. “పాపం, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. ఇవాళ మూలిగిందంటే ఎంత నొప్పో” అందట.

మాత్ర తీసుకుని ల్యాబుకి పరుగెత్తాను. పాలిపోయిన మొహంతో మహారాణి మాత్రనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“నువ్వు వేసుకోలేదా? మరి ఎలా ఓర్చుకున్నావే?”

“నాకు నొప్పి లేదు” అన్నాను. “రేపటి చోటు నీది.”

మేడం విన్నారు. నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశారు. నాకు ఆ పరీక్ష లేనట్టేనన్నారు.

గదికి వెళ్ళేదాకా మహారాణి నా భుజం మీద వాలి నడిచింది. తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టినా నాకు తేలికయ్యేది. ఇంత మంచితనం దీనికెక్కడిదని, అందుకు కూడా నాకు కుళ్ళు పుట్టింది.