రోలర్లకు రంగు

ఇనుము ఎండకు సాగుతుందని బడిపిల్లలకు సైతం తెలుసు. మరి వంతెన సాగినప్పుడు దొర్లేందుకు దాని కొస కింద పెట్టిన రోలర్లకు కూడా రంగు పూయాలని పనిపత్రంలో రాసిందెవరు? వంతెనల ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ నోరు విప్పలేదు.

నది మీది ఆ ఉక్కు వంతెనకు ముప్పయ్యేళ్లుగా రంగులు వేసే ముఠాకు పెద్ద రంగులక్క. ఆ వేసవిలో మిట్టమధ్యాహ్నం కాగానే వంతెన ఫెళ్లుమనసాగింది. కొత్త ఇంజనీరు పగులు ఒక్కటీ దొరక్కపోయినా ఉక్కు అలసిపోయిందని తేల్చేశాడు. సోమవారం నుంచి బస్సులు బంద్. అవతలి గట్టున బట్టలు కుట్టుకునే చెల్లెలి ఇంటికి పది నిమిషాల దారి కాస్తా మూడు గంటల చుట్టుదారి కాబోతోంది.

“పోన్లే అక్కా, రోజూ నీ సతాయింపు తప్పుతుంది,” అంది చెల్లెలు ఫోనులో. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

శనివారం రంగులక్క నిచ్చెన వేసుకుని, వంతెన కొస ఆనిన స్తంభం మీదికి దిగింది. రోలర్లు నాలుగూ తళతళలాడుతున్నాయి. కత్తితో గీకింది. బూడిదరంగు, దాని కింద ఎరుపు, మళ్లీ బూడిద, వేలెడు మందం. ప్రతి పొరా తనదే. నీటుగా ఉండాలని సందుల్లోకి సైతం కుంచె దూర్చి పూసింది. ఏటేటా పొరలు పేరుకుని, దొర్లవలసినవి ఈ వేసవికి పూర్తిగా అతుక్కుపోయాయి.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా తిన్నగా ఇంజనీరు దగ్గరికే వెళ్లింది.

“బాబూ, ఉక్కు అలసిపోలేదు. దాని కాళ్లు నేనే కట్టేశాను.”

“మీరా?”

“ముప్పయ్యేళ్లుగా. చాలా అందంగా.”

అతడు స్తంభం మీద బోర్లా పడుకుని చూశాడు. “ఇది నేను ముందే చూడాల్సింది,” అన్నాడు.

“ప్యాంటు మాస్తుందనుకున్నారేమో.”

అతడు నవ్వేశాడు. “గీకండి. సోమవారం మధ్యాహ్నం దాకా చూద్దాం.”

ఆదివారమంతా ముఠా గీకి, గ్రీజు పట్టించింది. ప్రతి రోలరు మీదా రంగులక్క సుద్దగీత గీసింది. సోమవారం ఎండ నడినెత్తికెక్కింది. చప్పుడు లేదు, సుద్దగీతలు మాత్రం వేలెడు మేర జరిగాయి. ఇంజనీరు బంద్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు.

మొదటి బస్సు కిటికీలోంచి చెల్లెలు తల బయట పెట్టింది. “తప్పించుకోనివ్వవు కదా అక్కా.”

“ముందు తల లోపల పెట్టుకోవే,” అంది రంగులక్క, నవ్వు ఆపుకోలేక.

మీకు దగ్గర్లోనూ ఒక వంతెన ఉంటుంది. వెళ్లి దాని రోలర్లు చూడండి. రంగు కనబడితే, ఆఫీసుకెళ్లి పనిపత్రం మీద సంతకం ఎవరిదో అడగండి. జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.