వదులుగా కట్టిన పడవ

మలక్కా ఏటి ఒడ్డున మజ్నా ఇంట్లో సంబంధం మాటలు. మగపెళ్ళివారు తెచ్చిన తమలపాకుల తట్ట చాప మధ్యలో ఉంది. ఆడపిల్లవారు పంతున్ అనే నాలుగు పాదాల పద్యం చదివితే, మగవారు పంతున్‌తోనే బదులు చెప్పాలి. అప్పుడే తట్ట మూత తీస్తారు. ఈ మాటలకు పెళ్ళికొడుకు రావడం ఆచారం కాదు. అయినా బద్రుల్ మాస్టారు వచ్చి కూర్చున్నాడు. బడిలో కవిత్వం చెప్పేవాడాయె, ఈ పని ఇంకొకరికి వదిలితే పరువు పోదూ!

తెర వెనక మజ్నా చెవులు రిక్కించి కూర్చుంది. ఆమెకు అతడంటే ఇష్టం. అందుకే పంతున్ తానే కట్టింది. పెద్దమ్మ సలేహా గొంతు విప్పింది.

"వాన వెలిసింది ఏటి గట్టున,
పడవ కట్టారు తాడు వదులుగా;
వచ్చినవారు నిలిచారు మెట్టున,
తలుపు తీసే ఉంది, రండి కుదురుగా."

ఇంతకన్నా ఏ పిల్ల నోరు విప్పి ఒప్పుకుంటుంది? బద్రుల్ గొంతు సవరించుకున్నాడు.

"పాదాలు నాలుగు. ఒకటికీ మూడుకీ, రెండుకీ నాలుగుకీ ప్రాస కుదిరింది. మొదటి రెండు పాదాలూ ప్రాస కోసమండీ, భావానికి సూచన మాత్రమే. మూడోది కాస్త కుంటింది. ఇక భావమంటారా, దిగులు. తాడు వదులు కదా, పడవ పోతుందేమోనని భయం."

"బదులు చెప్పరా అంటే పాఠం చెబుతావేంట్రా!" మేనమామ మోచేత్తో పొడిచాడు.

"ఉండు మావయ్యా, రసం తేలనీ."

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఈ మహానుభావుడు ఛందస్సును వెంటబెట్టుకొచ్చాడు. మజ్నాకు ఒళ్ళు మండింది. చేయి చాపితే ముడి విడిపోవాలనే కదా ఆమె తాడు వదులుగా కట్టింది! రేపు తాను ఏడ్చినా ఈయన ఏడుపులో ప్రాస వెతుకుతాడు. తెర సందులోంచి పెద్దమ్మ చెవిలో కొత్త పంతున్ ఊదింది.

"ఆలోచించే చెబుతున్నావటే?" అని గొణిగింది సలేహా.

"ఆలోచించే. చదువు పెద్దమ్మా."

"ఏటికి పోటు వచ్చింది నేడు,
పడవ పోయింది తాడు తెంచుకుని;
గడప దాటడు లెక్కల రేడు,
వెళ్ళమనండి తట్ట పుచ్చుకుని."

బద్రుల్ వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"భేష్! ఒక్క అక్షరం పొల్లు పోలేదు. దీనికి నూటికి నూరు!"

మేనమామ అప్పటికే మూత తీయని తట్ట నెత్తికెత్తుకున్నాడు.

"నీకొచ్చింది సున్నా. లేరా నాయనా, ఇంటికి పోదాం."