తొట్టిలో మిగిలిన చేపలు

"జబ్బు ఎక్కించకుండా విడిగా ఉంచిన చేపల్లోనూ అదే క్రిమి పెరిగింది మేడమ్," అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు.

పరిశోధకురాలికి పై ప్రాణాలు పైనే పోయాయి. క్షయ క్రిమికి దాయాది అది. చేపల నీళ్లలోంచి గాయం దారిన మనిషి ఒంట్లోకి దూరుతుంది. ప్రయోగం అయ్యాక చంపడానికి చేతులు రాక, మిగిలిన ఆ చేపల్ని కూతురికి తెచ్చిచ్చింది తనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పరుగున ఇల్లు చేరింది. కూతురు తొట్టిలో చెయ్యి పెట్టి ఆడుతోంది.

"చెయ్యి తియ్యవే!"

ఆ చేతిని తిప్పి తిప్పి చూసింది. ఒక్క గీత కూడా లేదు. అమ్మయ్య!

"పిల్లి గీరింది ఈ చెయ్యి కాదమ్మా," అంటూ చిన్నది రెండో చెయ్యి చాపింది. "ఇది. మంట తగ్గుతుందని రోజూ ఈ తొట్టి నీళ్లలో పెడుతున్నా. చూడు, ఎలా ఉబ్బిందో!"