నిమ్మ ఐసు వేళ పాట

రెండో అంకం సగానికి వచ్చేసరికి కల్లిస్తో తన తుఫాను పాట పాడతాడు. తుఫానంటే వానా గాలీ ఉండవు. సిరియా రాజుగారి మనసు నడిసముద్రంలో నావలా ఊగిపోతోందని చెప్పడానికి గొంతును కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ పావుగంట సేపు దొర్లిస్తాడు, అంతే. గొంతు ముదరకూడదని చిన్నప్పుడే బీజాలు కోసేయగా, పిల్లగొంతు పెద్దవాడి రొమ్ములో నిలిచిపోయిన మనిషి. ఆ దొర్లింపులో అతన్ని మించినవాడు నేపుల్స్‌లో లేడు. జనం కేకలు పెడతారు, దొరలు కూచునే బాక్సుల్లోంచి పూలు విసురుతారు, మళ్లీ పాడమంటారు. మళ్లీ పాడతాడు. అతను లోపలికి వెళ్లగానే థియేటర్ మొత్తానికి ఒకేసారి నోరెండిపోతుంది. బాక్సుల తలుపులు తెరుచుకుంటాయి, నిమ్మ ఐసు వస్తుంది, చెంచాలు గ్లాసులకు తగులుతూ మోగుతాయి. సరిగ్గా అప్పుడే రెండో నాయిక ఓర్సొల స్పారానో తన పాట అందుకోవాలి.

ఇది ఎవరో పగబట్టి చేసిన ఏర్పాటు కాదు. రాజులూ శపథాలూ ఉండే పెద్ద ఒపెరాలో ఎవరికెన్ని పాటలు, ఎవరి తర్వాత ఎవరు అన్నది చర్చిలో ప్రార్థనల వరసంత గట్టిగా పాతుకుపోయింది. కథంతా హార్ప్సికార్డ్ వాద్యపు మీటల వెంట రాగంగా సాగే వచనంలో నడుస్తుంది. ఆ వచనం వినే పాపాన ఎవరూ పోరు, పేకాడుకుంటారు. పాట వచ్చినప్పుడు తలెత్తుతారు, అదీ పెద్ద గాయకులదైతేనే. రెండో నాయిక పాట ఉన్నది ఐసు తినడానికి. సంగీతం కట్టేవాళ్లు కూడా ఆ చోటికి మిగిలిపోయిన పీలికలతో ఏదో ఒకటి కుట్టి పడేస్తారు. ఓర్సొల ఏళ్ల తరబడి ఆ పీలికలే పాడింది. ఒళ్లు మండుతూనే పాడింది.

ఈ ఏడు ఆ మంట నషాళానికి ఎక్కింది, ఎందుకంటే ఈసారి పాట బాగుంది. సంగీతం కట్టే మాస్త్రో ఇన్నొచెంజో ఏ లోకంలో ఉండి కట్టాడో ఏమో, పీలిక కుట్టాల్సిన చోట పట్టుబట్ట నేసి పెట్టాడు. రాణిగారి చెల్లెలి కొడుకును శత్రువులు పట్టుకుపోతారు. రాత్రి వాడు దుప్పటి తన్నేస్తే మళ్లీ ఎవరు కప్పుతారని ఆ తల్లి అడుగుతుంది. పాటంతా అంతే. మొదట అడుగుతుంది, నడుమ కాస్త కోపగించుకుంటుంది, మళ్లీ మొదటిదే అడుగుతుంది. అలా తిరిగి వచ్చినప్పుడు గాయకులు గమకాలూ సంగతులూ అంటూ తమ గొంతు నగలన్నీ దిగేసుకోవడం ఆచారం. ఓర్సొల ఒక్క నగ కూడా పెట్టనని చెప్పింది. మాస్త్రో ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వారం నుంచి ప్రతి రాత్రీ ఆ పాట పాడుతోంది. అడవి కాచిన వెన్నెల. పై సీజన్‌కు బొలోన్యా నుంచి ఎవరో పిల్ల వస్తోందని, ఓర్సొలకు ఇక విశ్రాంతి అని కబురు కూడా అందింది. ఒక సీజన్ ఒపెరాను మరో సీజన్‌లో ఎవరూ ముట్టుకోరు, ఆ కాగితాలు ఎలకల పాలవుతాయి. ఈ ఊరు ఆ పాటను ఒక్కసారి వినాలంటే ఈ కాస్త రోజుల్లోనే వినాలి. ఇన్నేళ్లు గొంతు చించుకున్నందుకు ఆమె అడిగేది అదొక్కటే.

ముందు థియేటర్ నడిపే దొన్ పంతలేయో దగ్గరికి వెళ్లి, తన పాటను మూడో అంకంలోకి జరపమంది. మూడో అంకంలో కల్లిస్తోకు రెండు పాటలున్నాయని, మధ్యలో ఇంకొకరి పాట పెడితే అతను జలుబు తెచ్చుకుంటాడని ఆయన అన్నాడు. పోనీ కల్లిస్తోనే అడుగుదామని వెళ్లింది. అతను చాలా మర్యాదగా విన్నాడు. ఆమె పాట అంటే తనకెంతో ఇష్టమట, అది మొదలవగానే తన ఐసు వచ్చిందని తెలుస్తుందట. మాస్త్రో దగ్గరికి వెళ్తే ఆయన భుజాలెగరేశాడు. ఓర్సొలకు ముగ్గురినీ ఒకే సంచిలో కట్టి సముద్రంలో పారేయాలనిపించింది.

ఇక మిగిలింది మరిది మెనెకో. ఓర్సొల చెల్లెలి మొగుడు. వెసూవియస్ కొండమీది మంచు గోతుల్లోంచి మంచు దించి థియేటర్‌కు ఐసు చేసిపెట్టేది అతనే. వంటగదిలోకి పోయి అడిగితే అతని మొహం కూడా ఐసులాగే తెల్లబోయింది.

"వదినా, నా కడుపు కొట్టకు. ఇది ఆగితే కరిగి నీళ్లయిపోద్ది. దొరలకి నీళ్లు పోస్తే నన్ను బతకనిస్తారా?"

"నీ పెళ్లికి మా నాన్నని ఒప్పించిందెవరు మెనెకో?"

"నువ్వే."

"మరి? నా పాట ఆగేదాకా గ్లాసు కదలకూడదు. ఆగాక నీ ఇష్టం, కొండంతా తినిపించుకో."

మెనెకో తలూపాడు. పెళ్లినాటి అప్పులు ఇన్నేళ్లకు తీర్చమంటారని అతను అనుకోలేదు, పాపం.

ఆ రాత్రి కల్లిస్తో తుఫాను చల్లారింది. ఓర్సొల దీపాల ముందుకు వచ్చింది. తలుపులు తెరుచుకోలేదు. చెంచాలు మోగలేదు. మొదటి చరణం సగం దాకా ఆమెకు స్వర్గం కనిపించింది. అప్పుడు మూడో వరస బాక్సులోంచి ఒక దొరగారు బయటికి వంగి, ఐసు ఏమైందని పక్క బాక్సును అడిగాడు. పక్క బాక్సు కింది బాక్సును అడిగింది. నేలమీది జనానికి ఐసు ఎటూ రాదు. అయినా దొరలకు రాలేదన్న సంతోషంతో వాళ్లూ అందుకున్నారు. కర్రలతో నేల దంచుతూ "ఐసు, ఐసు" అని తాళం వేశారు. ఇన్నాళ్లూ చెంచాలే తన పాటను మింగేస్తున్నాయని అనుకుంది ఓర్సొల. ఈ జనం నోళ్లు మూయించిందే ఆ చెంచాలని ఇప్పుడు తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆమె పాట ఆపేసింది.

ఓర్సొల పుట్టింది చేపల బజారులో. ఆమె మేనత్త, ఊరిని కాచే పుణ్యపురుషుడు సాన్ జెన్నారో సీసాలో దాచిన ఎండు నెత్తురు పండగనాడు కరగడం ఆలస్యమైతే చర్చిలో ముందు వరసలో కూచుని ఆ మహానుభావుణ్నే పేరు పెట్టి తిట్టే ముసలమ్మల్లో ఒకతె. దేవుడి మనిషికే మినహాయింపు ఇవ్వని వంశం, ఈ దొరలొక లెక్కా? రాణిగారి చెల్లెలి వేషంలో, తలమీద ఈకల కిరీటంతో, నడుముమీద చెయ్యి వేసింది. తిట్టాలనుకుంది గానీ ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, తిట్టు కూడా వచనం రాగంలోనే వచ్చింది. భాష మాత్రం బజారుది.

"ఏం నాయనా, కడుపు మాడిపోతందా? పొద్దున్నించీ ముద్ద దిగలేదా? ఒరే మీ అమ్మలు మీకు దుప్పట్లు కప్పి పెంచింది ఇందుకేనంట్రా? ఓ బాక్సులో అమ్మగారూ, పక్కదాని మొగుడితో గుసగుసలు ఆపి కాస్త ఇటు చూడు తల్లీ. ఐసు లేకపోతే చచ్చిపోతారా? చావండి. ఏడవడానికి నేనున్నా. మంచి పాట కూడా ఉంది."

హార్ప్సికార్డ్ ముందు కూచున్న మాస్త్రో వేళ్లు వాటంతటవే మీటలమీద పడ్డాయి. ప్రతి తిట్టు చివరా రెండు మోతలు మోగించాడు. పెద్ద ఒపెరాలో రాజవంశపు స్త్రీ ఇలా మాట్లాడడం ఎవరి కలలోనూ లేదు. ఇలాంటి మాటలు వినాలంటే రేవు పక్కన హాస్య ఒపెరాలాడే చిన్న థియేటర్‌కు పోవాలి, అక్కడ పనిమనుషులూ ముసలి పెళ్లికొడుకులూ పాడతారు. జనం ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత పడీపడీ నవ్వారు, తర్వాత ఇంకా ఏమంటుందోనని చెవులు రిక్కించారు. అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ ఎరగదు. ఇదే సమయమని గొంతు సవరించుకుని పాట మళ్లీ మొదలుపెట్టింది.

వంటగదిలో మెనెకోకు వినిపించింది ఇంతే: వదిన పాట ఆగింది. మాట ప్రకారం గ్లాసులన్నీ పైకి పంపేశాడు. దుప్పటి సంగతి ఆమె మళ్లీ అడిగింది, చెంచాలే జవాబు చెప్పాయి.

మర్నాడు పొద్దున్నే దొన్ పంతలేయో ఆమె ఇంటికి వచ్చాడు. తనను పంపించేస్తాడని ఓర్సొల పెట్టె కూడా సర్దుకుంది. ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఊరంతా ఆ తిట్లే చెప్పుకుంటోందని, రాత్రికి ఒక్క బాక్సు కూడా ఖాళీ లేదని, రేవు థియేటర్ వాళ్లు కూడా ఆమె కోసం వాకబు చేస్తున్నారని చెప్పాడు.

"రోజూ అదే చోట, అలాగే తిట్టమ్మా. ఇంకొంచెం కారం పెట్టినా పర్లేదు."

"మరి పాటో?"

"పాటా?" అన్నాడాయన, నిజంగానే గుర్తురాక. "ఆ, పాడుకో, ఎవరొద్దన్నారు?"

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, చివరికి చీపురు తియ్యాలనిపించింది. ఇన్నేళ్లూ కన్నీళ్లు పాడితే ఒక్కడూ తల తిప్పలేదు. నోటి దురుసుకు ఊరు ఊరంతా కదిలి వస్తోంది.

ఆ రాత్రి కల్లిస్తో తుఫానుకు చప్పట్లు కూడా తొందరతొందరగా అయిపోయాయి. మళ్లీ పాడమని ఎవరూ అడగలేదు, అతను లోపలికి వస్తూ ఆమెను కొరకొరా చూశాడు. ఐసు వచ్చింది, కానీ ఎవరూ చెంచా ముట్టుకోలేదు. ఒక్క తిట్టయినా జారిపోతుందేమోనని జనమంతా ముందుకు వంగారు. ఓర్సొల నడుముమీద చెయ్యి వేసి వాళ్లందరినీ నెమ్మదిగా చూసింది. తిట్టలేదు. మాస్త్రో వైపు తలూపి పాట అందుకుంది.

వాళ్లు ఊపిరి బిగబట్టి విన్నారు. ఈ చరణం అయ్యాక తిడుతుందని విన్నారు. నడుమ కోపం వచ్చినప్పుడు ఇదిగో ఇప్పుడే అనుకున్నారు. మొదటిది తిరిగి వచ్చేసరికి ఎందుకు కాచుకుని ఉన్నారో మరిచిపోయారు. ఒక్క నగా లేకుండా, రాత్రి వాడు దుప్పటి తన్నేస్తే ఎవరు కప్పుతారని ఆమె అడిగింది. మూడో వరస దొరగారు ఐసు నీళ్లయిన గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆఖరి స్వరం ఆగాక చప్పట్లు కూడా మొదలవలేదు.  ఇక చాలు, ఆ కాగితాలు ఎలకలకు ఇచ్చేసినా ఫరవాలేదనుకుని ఓర్సొల లోపలికి నడిచింది.

అప్పుడు ముందు వరసలోంచి, రోజూ అక్కడే కూచునే ఒక లావుపాటి లాయరు కళ్లు తుడుచుకుంటూ నిండు మనసుతో గట్టిగా అడిగాడు.

"ఇంత మంచి పాట పెట్టుకుని, వారం నుంచీ పాడలేదేమమ్మా?"

తెర పక్కకు చేరుకున్న ఓర్సొల ఆగింది. నెమ్మదిగా వెనక్కి తిరిగి, నడుముమీద చెయ్యి వేసి, దీపాల ముందుకు నడిచి వచ్చింది. ఆమె మొహం చూసి మాస్త్రో వేళ్లు మీటలమీదికి చేర్చాడు.