వెనక పోయని నీళ్ళు

అమ్మ పెళ్ళిళ్ళకు తప్ప ఆ గులాబీ తలగుడ్డ బయటికి తియ్యదే అనుకుంటూనే సోందెస్ కుర్చీలోంచి మెడ సాచి చూసింది, తలగుడ్డ ఇక్కడుందంటే అమ్మ కూడా ఇక్కడే ఉన్నట్టు, మూడో వరుసలో, పక్కింటి బేయా పిన్ని పక్కన, ఒళ్ళో వేయించిన గింజల పొట్లంతో, ఎవరు చెప్పారో, ఏ గోడమీద కాగితం చదివి లాక్కొచ్చిందో బేయా పిన్ని, యువజన కేంద్రం హాల్లో దీపాలు ఆరిపోతున్నాయి, తను తీసిన సినిమా పదకొండు నిమిషాలు, ఆ ముక్క తొమ్మిదో నిమిషంలో, అమ్మకు తెలియకుండా తీసిన ముక్క, తీసింది కూడా కాదు, కెమెరా ఆపడం మరిచి వాకిట్లో బల్లమీద వదిలి లోపలికి వెళ్తే అదే పట్టేసింది.

ఈ రేవులో మగవాడు సముద్రానికి బయల్దేరితే వెనకాల గుమ్మంలో చెంబుడు నీళ్ళు పోస్తారు, పోస్తే తిరిగొస్తాడు, పధ్నాలుగేళ్ళ కింద నాన్న వెళ్ళి మళ్ళీ రాలేదు, ఆ పొద్దున అమ్మ పోయలేదట, ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు, ఖాళీ గుమ్మానికి చెప్పింది, కెమెరా వింది, అదే పడవలో బేయా పిన్ని మొగుడూ పోయాడు కదా, ఇప్పుడు ఆవిడా వింటుంది, నీ చెంబుడు నీళ్ళ కక్కుర్తికి నా కొంప మునిగిందా మోంజియా అని అందరి ముందూ అడుగుతుంది, అమ్మ ఇక వీధిలో తలెత్తుకోలేదు, అయ్యో తల్లీ, ఎంత పని చేశాను.

తప్పు సినిమా తియ్యడం నేర్పిన మొక్తార్ మాస్టారిదే, ఏడుపు సంగీతం తీసెయ్యమ్మాయ్, ఎక్కడ ఏడవాలో జనానికి నువ్వు చెప్తావా, చిన్న సినిమాలో అంత చోటెక్కడిది, ఆ ముక్క ఉంచు, చెంబు చూపించు చాలు, మీ అమ్మనెవరూ చూడరు, ఎవరమ్మని వాళ్ళు చూసుకుంటారు అన్నారు, మరి ఆ అమ్మే వచ్చి కూర్చుంటే ఏం చూసుకుంటుంది మాస్టారూ, ఆ మాట అప్పుడు అడగాలని తోచలేదు.

తెరమీద అమ్మ పిల్లిని తిడుతోంది, నీ మొహానికి సార్డీన్ చేపలు కావాలా, నిన్నటి రొట్టె దొరగారికి పనికిరాదా, హాలంతా పగలబడి నవ్వింది, అచ్చం మా అత్తేనని ఎవరో అరిచారు, అమ్మ కూడా నవ్వుతోంది, గింజలు ఒలుస్తూ, ఏడో నిమిషం, ఎనిమిది, వెళ్ళి ప్రొజెక్టర్ తీగ పీకేస్తే, సోందెస్ లేచింది, వెనకనించి ఒక పెద్దాయన, కూర్చోమ్మా, నీ తల చూడ్డానికా మేమొచ్చింది అన్నాడు, కూలబడింది.

చెంబు కనబడింది, తడిసిన గుమ్మం, ఆపైన అమ్మ గొంతు, నాన్నతో అన్నట్టు, ఆ పొద్దున ఉన్నది ఇంతే హేదీ, రొట్టె పిండికి దాచాను, నీ వెనక పోయలేదు, ఇవాళ పోశాను చూడు, సోందెస్ తెర చూడలేదు, అమ్మనే చూసింది, నోటిదాకా వెళ్ళిన గింజ అక్కడే ఆగిపోయింది, బేయా పిన్ని మెల్లగా అమ్మవైపు తిరిగింది, అయిపోయింది, ఇప్పుడంటుంది, అంది కూడా, హాలంతా వినబడేలా, ఆ పొద్దున కుళాయి రాలేదే మోంజియా, నా దగ్గరా చెంబుడే ఉంటే చంటాడికి దాచాను, నేనూ పోయలేదే, నావల్లే పోయారనుకున్నానే ఇద్దరూ, నీ మొహం చూడాలంటే భయమేసేదే నాకు, అమ్మ ఆవిడవైపు తిరిగి, నువ్వూనా, అంది, అంతే, గింజల పొట్లం జారి కిందపడినా ఎవరూ వంగలేదు, వెనక పెద్దాయన ముక్కు చీదాడు, సినిమాలో ఇంకా రెండు నిమిషాలున్నాయి కానీ ఎవరు చూస్తున్నారు, ఇంటికెళ్ళాక అమ్మ అడుగుతుంది, నన్నొక్క మాట అడగొద్దుటే అని, అడగాలి కూడా, తను చీవాట్లు తింటుంది, కానీ ఇందాకటి భయం పోయింది, ఒకే గోడకు అటొకరు ఇటొకరు, పధ్నాలుగేళ్ళు, ఎవరి చెంబును వాళ్ళు దాచుకుని, ఒక్కరోజు ఒక్కరు నోరు తెరిచి ఉంటే తెలిసిపోయేది, ఆ పొద్దున నీళ్ళు రానిది ఒక్క ఇంటికి కాదు, వీధి మొత్తానికి.