ఏడవని మనవడు

సామర్లకోట దగ్గర ఓ ఊళ్ళో, తన ఇంట్లో సుబ్బాయమ్మ మాటంటే శాసనమే. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కొడుకు పెళ్ళిదాకా ఆవిడ చెప్పిందే ఖాయం. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన శ్రీదుర్గ తల్లి లేని పిల్ల, పైగా నోట్లో నాలుక లేని పిల్ల. "అలాగేనండి అత్తయ్యగారూ" తప్ప ఆమె నోట ఇంకోమాట విన్నవాళ్ళు లేరు.

మనవడు నెలలు నిండకుండానే పుట్టాడు. కాకినాడ ఆసుపత్రిలో పసిపిల్లల ఐసీయూలో పెట్టారు. తల్లి మాత్రం మోచేతులదాకా కడుక్కుని లోపలికెళ్ళి, వాణ్ణి గుండెలమీద పడుకోబెట్టుకునేది. సుబ్బాయమ్మ అద్దం ఇవతల నుంచే పెత్తనం చేసేది.

ఆ మధ్యాహ్నం మిగతా పిల్లలందరూ గుక్కపెట్టి ఏడుస్తుంటే మనవడు మాత్రం కిమ్మనకుండా పడుకున్నాడు. సుబ్బాయమ్మ మురిసిపోయింది. అంతలో శ్రీదుర్గ బయటికొచ్చింది.

"బాబు పొద్దున్నుంచీ ఏడవట్లేదండి. పాలు కూడా ఇమడట్లేదు. పాదాలు చల్లగా తగులుతున్నాయి. నాకు భయంగా ఉందండి."

"ఏంటే నీ భయం! వాడికి తాత పోలిక, బుద్ధిమంతుడు. ఏడిస్తే ఓ బాధ, ఏడవకపోతే ఓ బాధానా? అపశకునం మాటలాడి సిస్టర్లని విసిగించకు. కూర్చో."

శ్రీదుర్గ కూర్చుంది. కాసేపటికే లేచింది.

"లేదండి," అంది.

ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనని మాట అది. సుబ్బాయమ్మ తేరుకునేలోగా కోడలు మళ్ళీ చేతులు కడుక్కుని లోపలికెళ్ళిపోయింది. "సిస్టర్, మా బాబుని చూడండి!" అన్న కేక అద్దం దాటి వచ్చింది.

సిస్టర్ సూర్యకళ కసురుకోలేదు. వాడి అరికాలు వేలితో తట్టింది. వాడు కదల్లేదు. వెంటనే డాక్టర్ విజయ్ పాల్ గారిని పిలిచింది. ఆయన చూడాల్సింది చూసి బయటికొచ్చారు.

"ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినట్టుందండి. ఇంత చిన్నపిల్లలకి జ్వరం రాకపోవచ్చు, ఇలా మెత్తబడిపోతారు. రక్తం పరీక్షకి పంపాం. రిపోర్టు కోసం ఆగకుండా మందు ఎక్కిస్తున్నాం. మీ కోడలుగారు చెప్పబట్టి సరిపోయింది, ఆలస్యమైతే కష్టమయ్యేది."

సుబ్బాయమ్మ అద్దంలోంచి లోపలున్న కోడలివైపు చూసింది. ఆ పిచ్చిపిల్ల తన మాట విని అక్కడే కూర్చునుంటే?

ఆ తర్వాత రోజుల్లో కోడల్ని చూసి ఆవిడ ఆశ్చర్యపోతూనే ఉంది. పచ్చి బాలింత, కాళ్ళు వాచిపోయాయి, అయినా బిడ్డ పక్కనుంచి కదిలితే ఒట్టు. కుట్లు లాగుతున్నా పైకి అనలేదు. ఎంత గుండె ధైర్యం ఈ పిల్లకి! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుంది?

ఒక ఉదయం లోపల్నుంచి చెవులు చిల్లులుపడేలా ఏడుపు వినిపించింది. "అయ్యబాబోయ్, మీ మనవడేనండి!" అంది సూర్యకళ నవ్వుతూ.

"ఏడు నాయనా, బాగా ఏడు," అంటూ సుబ్బాయమ్మ తనే భోరుమంది.

ఇంటికొచ్చాక పక్కింటావిడ చూడ్డానికొచ్చి, నిద్రపోతున్న పిల్లాణ్ణి చూసి, "ఎంత బుద్ధిమంతుడో!" అంది.

"నా ఇంట్లో ఆ మాట అనకు," అంది సుబ్బాయమ్మ. "నేనూ అదే అన్నాను. మా కోడలు నా మాట కాదంది కాబట్టే వీడు బతికాడు."

అని వంటింట్లోకెళ్ళి, పథ్యం చారు గరిటెతో తెచ్చి కోడలి అరచేతిలో పోసింది. "ఉప్పు చూడవే అమ్మా."

శ్రీదుర్గ చప్పరించి, తలెత్తి అత్తగారి కళ్ళలోకి చూసింది.

"ఎక్కువైందండి."

"అయితే ఎక్కువే," అంది సుబ్బాయమ్మ.